అరుగుదల

కాళ్లరిగేలా తిరిగానంటారే,
ఆ అరుగుదలని మిల్లీగ్రాముల్లో తూచడం నా పీహెచ్‌డీ.

షెఫీల్డ్‌లో, మా విభాగం కింద నేలమాళిగలో
కాళ్లూ తలా లేని యంత్రమొకటి నడుస్తుంటుంది.
ఆరు గిన్నెల్లో ఆరు కృత్రిమ తుంటి కీళ్లు,
దూడనెత్తుటి సీరంలో మునిగి,
సెకనుకో అడుగు,
ఎక్కడికీ చేరకుండా.
ఏడో గిన్నె నడవదు. ఊరికే నానుతుంది.
కూర్చున్నది బరువెక్కుతుంది కనక
దాని ఒళ్లెంత పెరిగిందో చూసి
నడిచినవాటి లెక్క సరిచేస్తాం.

యాభై లక్షల అడుగులకి రెండు నెలలు.
ఐదు లక్షలకోసారి ఆపి, విప్పి, కడిగి, ఆరబెట్టి, తూచి,
మళ్లీ బిగించాలి.
కుళ్లిన సీరం వాసన నా స్వెట్టర్‌లో కాపురం పెట్టింది.
బస్సులో పక్కసీటు ఎప్పుడూ ఖాళీయే.
సీరం మార్చేది నాసిర్.
వాళ్ల తాత యెమెన్ నుంచి వచ్చి
ఈ ఊరి కొలిమిలో ఉక్కు కాచాడట.
"ఆయన తుంటి నలభై ఏడేళ్లకే పోయింది,
ఎవరూ తూచలేదు" అంటాడు, బోల్టు బిగిస్తూ.

మొదటి యాభై లక్షలకి పోయింది పదకొండు మిల్లీగ్రాములు.
నాలుగు నువ్వుగింజల బరువు.
గ్రాఫు తిన్నగా వచ్చింది. మా ప్రొఫెసర్ కాఫీ ఇప్పించాడు.

చిక్కల్లా ఆసుపత్రి పంపిన ఎక్స్‌రేలతో.
మనుషుల్లో అవే కీళ్లు రెట్టింపు అరిగాయి.
యంత్రం అబద్ధమాడదు.
ఎక్స్‌రే అబద్ధమాడదు.
రెండిటి మధ్యా మూడు వారాలు నాకు నిద్ర లేదు.

పై అంతస్తులో సోషియాలజీ. మోరాగ్ అనే ఆవిడ
కొత్త తుంటి పెట్టించుకున్నవాళ్ల ఇళ్లకెళ్లి
రికార్డరు పెట్టి మాట్లాడించేది.
మావాళ్లు వాటిని కబుర్లనేవారు. నేనూ అన్నాను.
ఒక మంగళవారం ఆవిడ వెంట వెళ్లాను, వేరే దారి లేక.

ఏడు కొండల మీద కట్టిన ఊరంటారు దీన్ని.
వాక్లీ ఎక్కాక తెలిసింది,
ఇక్కడ ప్రతి వీధీ మోకాళ్ల పర్వతమేనని.

ఆ ఎత్తు నడిమధ్యన వినిఫ్రెడ్ గారిల్లు. వయసు ఎనభై రెండు.
"రోజుకెన్ని అడుగులు వేస్తారు?" అడిగాను, ఫారం తీసి.
నా వంక జాలిగా చూసింది.
"అడుగులెవరు లెక్కపెడతారు? ఆగే చోట్లు లెక్కపెట్టుకుంటాను."
నీలం తలుపు మెట్ల దగ్గరొకటి.
మలుపులో రాతిగోడ మీద సంచి దింపి ఒకటి.
ఆవిడ కుక్క ఎప్పుడూ ఆగే స్తంభం దగ్గర,
కుక్క పోయి రెండేళ్లయినా, ఒకటి.
"నడక నొప్పి కాదు. ఆగాక
మళ్లీ వేసే మొదటి అడుగుంది చూడు,
అప్పుడు లోపల కిర్రుమంటుంది."

రికార్డరు ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.
నా పెన్ను ఆగిపోయింది.

మా యంత్రం తూకానికి తప్ప
ఏనాడూ తనంతట ఆగలేదు.
కదిలేదాని మధ్య ఓ తడిపొర ఉంటుంది.
నిలబడిపోతేనే కదా
లోహం వచ్చి ప్లాస్టిక్ మీద నేరుగా కూర్చునేది!

నాసిర్ ప్రోగ్రాం మార్చాడు.
ఇరవై అడుగులు. ఆగు.
బరువు దించకుండా అరవై సెకన్లు నిలబడు. మళ్లీ.
రెండు నెలల పని ఎనిమిది నెలలైంది.
ఐదు కీళ్లు ఇరవై మూడుకి అటూ ఇటూ అరిగాయి.
ఆరోది తొమ్మిదే. ఎందుకో ఇప్పటికీ తెలీదు.
దాన్నీ పట్టికలో పెట్టాం.

సమీక్షకుడొకరు అడిగారు:
అరవై సెకన్లే ఎందుకు? ఆధారం?
వాక్లీ మలుపులో ఒక రాతిగోడ ఉంది,
సంచి దింపి ఊపిరి పీల్చుకోడానికి అంతసేపు పడుతుంది,
నేను వాచీ పెట్టి చూశాను, అని రాసి,
కొట్టేసి,
"ఇంటర్వ్యూ 41" అని రాశాను.

ఇప్పుడు రాత్రిళ్లు ఆ గది దాటేవాళ్లు
యంత్రం చెడిపోయిందని ఫోను చేస్తున్నారు.
నాసిర్ తలుపుకి కాగితం అంటించాడు:
"పాడవలేదు. ఆయాసం తీర్చుకుంటోంది.
స్విచ్చు ముట్టకండి."